మరిగించిన నిమ్మరసం

తెనాలిలో నాది నిమ్మకాయల వ్యాపారం. మా కాయలు ఢిల్లీ దాకా వెళ్తాయి. అలాంటి ఇంటి పిల్లకి ఒంట్లో విటమిన్ సి బాగా తక్కువుందని బాపట్లలో డాక్టర్ షబానా చెబితే నమ్మడానికి నాకు మనసొప్పలేదు.

మా అమ్మాయి చందనను రేపల్లెలో ఇచ్చాం. తొలి కాన్పులో ఎనిమిదో నెలలోనే ఉమ్మనీరు పోయింది. పిల్లాణ్ణి గాజుపెట్టెలో పెట్టి బతికించింది ఈ డాక్టరమ్మే. వాడిప్పుడు బస్తాలెక్కి దూకుతున్నాడు కానీ ఆనాటి భయం మమ్మల్ని వదల్లేదు. రెండో కాన్పుకి చందన మా ఇంటికొచ్చింది. మళ్ళీ అలాగే జరిగితే?

“మా ఇంటినిండా నిమ్మకాయలేనమ్మా!” అన్నాను.

“ఇంట్లో ఉంటే సరిపోతుందా బాబాయ్‌గారూ, ఒంట్లోకి వెళ్ళాలిగా?”

“రోజూ వేస్తున్నానండి,” మా ఆవిడ శేషారత్నం అందుకుంది. “పచ్చి రసం చలవ, కడుపులో బిడ్డకి జలుబు చేస్తుందని చారులో పిండి బాగా మరిగిస్తాను.”

డాక్టరమ్మ నవ్వింది. “చలవ సంగతి తెలీదుగానీ పిన్నిగారూ, విటమిన్ చాలావరకు పోయింది.”

నాకు లెక్క అర్థమైంది. లారీ నిండా సరుకెత్తి, దారిలోనే కుళ్ళబెట్టాం.

“పచ్చిరసం తాగితే ఇక నీరు ముందే పోదంటారా?”

“అలా రాసివ్వలేనండి. సి తక్కువైతే ఉమ్మనీటి సంచి పొర బలహీనపడొచ్చంటారు. కారణం అదొక్కటే కాదు. జామ, ఉసిరి, నిమ్మ మామూలుగా తిననివ్వండి. మాత్రలు మాత్రం నేను చెప్పినవే. నీరు జారితే ఆగకుండా వచ్చేయండి.”

గ్యారంటీ లేని సరుకే, అయినా నష్టం లేని బేరం. ఆ రోజు నుంచి చందన కంచంలో నిమ్మచెక్క నేనే పిండాను. కర్లపాలెం నుంచి జామకాయలు తెప్పించాను.

“పిల్లకి జలుబు చేస్తే మీదే పూచీ,” అని శేషారత్నం గొణిగేది.

ఎనిమిదో నెల దాటింది. తొమ్మిదీ నిండింది. నొప్పుల జాడే లేదు.

“చూశారా? పచ్చికాయలు తినిపించి సంచి బిగించేశారు!” అంది మా ఆవిడ.

చందన పొట్ట పట్టుకుని నవ్వింది. “ముందొస్తే ఒక గోల, నిలిస్తే ఇంకో గోలా అమ్మా?”

చివరికి బాపట్లలో చేర్పించాం. ఉమ్మనీటి సంచిని డాక్టరమ్మే పగలగొట్టాల్సి వచ్చింది. కాసేపటికి నొప్పులందుకున్నాయి.

బిడ్డ ఏడుపు వరండా దాకా వినిపించింది. పోయినసారి మనవడి ఏడుపు మాకు వినపడనే లేదు.

“ఏంటండీ, ఇంత గట్టిగా ఏడుస్తోంది?” శేషారత్నం కొంగుతో కళ్ళొత్తుకుంటూనే కంగారుపడింది.

“ఏడవనీయవే,” అన్నాను. “నువ్వూ అదే పనిలో ఉన్నావుగా!”