గేటు బాబాయ్ చదవని వాక్యం

ఇంకొక్క తప్పు జరిగితే అతని ఆన్‌లైన్ గ్రూపును శాశ్వతంగా మూసేస్తామని ఆ యాప్ కంపెనీ నుంచి హెచ్చరిక వచ్చి ఐదు రోజులైంది. ఆ ఐదు రోజులూ అతను కంట్లో వత్తులు వేసుకుని ఫోను చూస్తూనే ఉన్నాడు.

అతను కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. యంత్రం ఒక జత అద్దాలు అరగదీయడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. ఆ నాలుగు నిమిషాల్లో రెండో ఉద్యోగం చేస్తాడు, జీతమూ సెలవూ లేనిది. పాత గడియారాలు విప్పి బాగుచేసుకునే సరదా ఉన్నవాళ్ళ గ్రూపుకి పదకొండేళ్ళుగా అతనే కాపలా. మూడు వేల మంది సభ్యులు, ఇంకెక్కడా దొరకని గడియారాల లోపలి భాగాల ఫోటోలు. అందులో అతని అసలు పేరు ఎవరికీ పట్టదు. అందరికీ గేటు బాబాయే.

లోపలికి రావాలంటే ఒక ప్రశ్నకు జవాబు రాయాలి. మీరు మొదట పాడుచేసిన గడియారం ఏది? ఎన్ని బాగుచేశారని అడిగితే ఎవడైనా కోతలు కోస్తాడు. పాడుచేసింది చెప్పమంటే సరదా ఉన్నవాడు సిగ్గుపడుతూ అంతా చెప్పుకుంటాడు, జుట్టు మొలిపించే నూనె అమ్మేవాడు నీళ్ళు నములుతాడు. పదేళ్ళ పాటు ఆ ప్రశ్న దాటి ఈగ కూడా లోపల వాలలేదు.

కొంపముంచింది అతని మంచితనమే. కొత్తవాళ్ళు బెదరకూడదని ఒకసారి తన జవాబే నమూనాగా గోడ మీద పెట్టాడు: "మా నాన్న అలారం గడియారం. స్ప్రింగు ఎగిరి బొటనవేలు తెగింది." మోసగాళ్ళకు అంతే చాలు. అందులో మొదటి వాక్యమే మక్కికి మక్కి దించి, మర్యాదస్తుల్లా వచ్చి చేరారు. వారం పాటు కిక్కురుమనకుండా కూర్చుని, ఒక మధ్యాహ్నం 'ఇంట్లో కూర్చుని లక్షలు గడించండి' అనే ప్రకటనలు గుమ్మరించారు. మొదటి హెచ్చరిక. నమూనా తీసేసినా లాభం లేకపోయింది. రెండో హెచ్చరిక. అప్పటినుంచి "మా నాన్న అలారం గడియారం" అని మొదలైన జవాబును తెరిచి చూడటం మానేశాడు. జాబితాలో మొదటి వాక్యమే కనిపిస్తుంది. అది చాలనుకుని వేలితో తోసేస్తూ పోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. ఆమె పని వేళలో ఫోన్ చేసే మనిషి కాదు.

"మీ అక్క మాట్లాడింది ఇప్పుడు," అంది.

అతను యంత్రం ఆపేశాడు. అక్కకూ అతనికీ మాటల్లేక రెండేళ్ళు. తండ్రి పోయాక ఆ పాడైన అలారం గడియారం అక్క పట్టుకెళ్ళింది. తొమ్మిదేళ్ళ వయసులో దాన్ని చెడగొట్టింది తనే కాబట్టి బాగుచేసి తీరతానని అతను ఎంత అడిగినా ఇవ్వలేదు. కారణం కూడా చెప్పలేదు. ఆ మాటా ఈ మాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి.

"ఏమంటుంది?"

"ఇంటి గుమ్మం ఎలాగూ మూశాడు, చివరికి ఆ గడియారాల గుమ్మం లోంచి కూడా మెడపట్టి గెంటేశాడు అంటోంది."

"అక్క గ్రూపులోకి ఎప్పుడొచ్చింది? ఏ పేరుతో?"

"నేనూ అదే అడిగా. చెప్పదట. చదవకుండా తోసేశాడుగా, ఇప్పుడు చదివి వెతుక్కోమను అంది. గొంతు బాగాలేదండీ. ఎగతాళిగా అనలేదు," అంది.

తోసేసినవాళ్ళ జాబితాలో ఆ ఒక్క వాక్యంతో మొదలైన జవాబులే నూటపధ్నాలుగు ఉన్నాయి. పేర్లన్నీ పువ్వులూ పిట్టలూ నంబర్లూ. తెలియక ఒక దొంగను లోపలికి లాగితే పదకొండేళ్ళ కష్టం గంగపాలు. భోజనం డబ్బా మూత తీయకుండానే ఒక్కొక్కటీ తెరవడం మొదలుపెట్టాడు. కింద ఖాళీ. కింద ఖాళీ. కింద అప్పులిస్తామని నంబరు. తన చిన్ననాటి తప్పును ఊరూపేరూ లేనివాళ్ళు తమదని చెప్పుకుంటుంటే నలభై దాటేసరికి అది నిజంగా తనదేనా అన్నంత విసుగొచ్చింది. రెండుసార్లు యజమాని లోపలికి తొంగిచూశాడు. రెండుసార్లూ అతను ఒక జత అద్దాలు యంత్రంలో పెట్టి, మళ్ళీ ఫోను తీశాడు.

ఎనభై మూడోది "నీలిపిట్ట". మొదటి వాక్యం అదే. కింద ఇంకా ఉంది.

"పొద్దున దాన్ని ముందు విప్పింది నేను. స్ప్రింగు కొక్కెం ఊడొచ్చింది. భయపడి మూత బిగించేశాను. సాయంత్రం తమ్ముడు విప్పితే ఎగిరింది. వేలు తెగింది వాడికి, దెబ్బలు తిన్నదీ వాడే. నేను నోరు విప్పలేదు. గడియారం నా దగ్గరే ఉంది. దాన్ని నేనే బాగుచేసి వాడి చేతికివ్వాలి. నేర్పుతారా?"

అతను రెండుసార్లు చదివాడు. ముప్పై ఏళ్ళుగా మోస్తున్న తప్పు. ఆ తప్పు కోసమే ఇన్ని గడియారాలు విప్పాడు, ఈ గేటు దగ్గర ఇన్నేళ్ళు కూర్చున్నాడు. కోపం రావాలి. వెతుక్కున్నాడు, దొరకలేదు. ఒళ్ళంతా అలసట మాత్రం ఉంది, బరువు దించిన కూలివాడికి ఉండేలాంటిది.

నీలిపిట్టను లోపలికి తీసుకున్నాడు.

రెండు జతల అద్దాలు అయ్యేసరికి గ్రూపులో ఫోటో పడింది. పాత వార్తాపత్రిక మీద, వెనక మూత తీసిన అలారం గడియారం. కింద ఒకే ప్రశ్న: "ఇప్పుడేం చేయాలి?"

చాలా రాసి, అంతా చెరిపేశాడు. చివరికి, "ముందు చేతికి మందపాటి గుడ్డ చుట్టుకో అక్కా. కీ ముట్టుకోకు," అని పెట్టాడు.

గేటు బాబాయ్‌కి ఉన్నట్టుండి అక్క ఎక్కడినుంచి వచ్చిందని సభ్యులెవరో అడిగారు. దాని కిందే అక్క రాసింది.

"చుట్టుకున్నాను రా. ఆరోజు నీకు ఆ మాట చెప్పాల్సింది నేను."

ముందు గదిలోంచి యజమాని కేకేశాడు, కళ్ళజోడు కోసం మనిషొచ్చాడని. అతను కళ్ళు తుడుచుకుని లేచాడు. ఫోను జేబులో వేసుకోబోతూ చూశాడు. గేటు దగ్గర కొత్తగా పదకొండు మంది. మొదటిది "మా నాన్న అలారం గడియారం" అని మొదలైంది.

నిట్టూర్చి, తెరిచాడు.