తాగని కాఫీ

రొట్టెల దుకాణం నష్వాన్‌దే. పద్నాలుగేళ్లుగా ఆ పొయ్యి ముందు ఉడికిపోయింది అతనే. లైసెన్సు మాత్రం అతని పూచీదారు, స్థానికుడైన అబూ ముత్లక్ పేరిట ఉంది, ఎందుకంటే నష్వాన్ యెమెన్‌వాడు. పరాయి దేశస్థులు సొంత పేరుతో దుకాణం నడుపుకోవచ్చని ఈమధ్యే కొత్త చట్టం వచ్చింది. కాకపోతే పాత పూచీదారు సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం నష్వాన్ ఏడాదిగా తిరుగుతూనే ఉన్నాడు. "పండగ వెళ్లనీ" అనడమే తప్ప ఆ మహానుభావుడు కలం తీస్తే ఒట్టు.

అందుకే ఈ శుక్రవారం, అబూ ముత్లక్ ఇంట్లో పదిమంది పెద్దలు కూర్చున్న మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, నష్వాన్ చేతికిచ్చిన కాఫీని తాగకుండా కింద పెట్టాడు. అతిథి కప్పు అలా పెట్టాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం. ఇస్తానని మాటివ్వకపోతే ఆ ఇంటికే తలవంపులు.

పెద్దలంతా ఆ కప్పు వైపు తిరిగారు.

అబూ ముత్లక్ పకపకా నవ్వాడు. "ఇదేంట్రా! కప్పు కింద పెట్టేది చుట్టం. నువ్వు చుట్టానివా? నా కొడుకులెవరైనా నా ముందు ఇలా పెట్టారా?"

"నా గుర్తింపు కార్డులో పరాయివాడనే రాసుంది కదా, బాబాయ్."

"అది సర్కారు రాత. నాకు మాత్రం నువ్వు ఇంటివాడివే."

పెద్దలంతా మెచ్చుకోలుగా తలలూపారు. ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఇక నష్వాన్ నోరెత్తితే విశ్వాసం లేనివాడవుతాడు.

"లే నాయనా, అందరికీ కాఫీ పొయ్యి" అన్నాడు అబూ ముత్లక్.

నష్వాన్ లేచి కూజా అందుకున్నాడు. అతని కప్పు అక్కడే చల్లారిపోయింది. ఇంటివాళ్లు ఆఖర్న తాగాలి.