రుజే భుజం

మా నేవుస్‌ను జట్టుకు పెద్దగా ఎన్నుకున్న సాయంత్రం నేను వంటింట్లో చిక్కుడు గింజలు ఒలుస్తూ కూర్చున్నాను. నా మనవరాలు గాలిలా దూసుకొచ్చి, గిన్నెను కాలితో తన్నేసి, గింజలన్నీ నేలపాలు చేసి, వాటి మధ్యే కూలబడి నా మోకాళ్ళు పట్టుకుంది.

"అమ్మమ్మా, తొమ్మిది! ఈసారి తొమ్మిది కట్టి తీరతాం!"

"ముందు ఆ గింజలు ఎత్తవే, మనుషుల్ని తర్వాత ఎత్తుదువు గాని," అన్నాను.

మనిషి భుజాల మీద మనిషిని నిలబెట్టి గోపురం కట్టడంలో మా ఊరి జట్టుకు మన కటలోనియాలో మంచి పేరే ఉంది. అయితే అది ఎనిమిది అంతస్తుల వరకే. తొమ్మిదికి ఎగబడ్డప్పుడల్లా ఎక్కడో ఒకచోట కాళ్ళు వణకడం, గోపురం లేస్తున్నంతసేపూ వాయించే సన్నాయి మధ్యలో ఆగిపోవడం, అందరూ ఒకరి మీద ఒకరు కుప్పకూలడం. మా ఆయన అలాగే ఒకసారి పడి ముక్కు వంకర చేసుకున్నాడు. ఆ ముక్కుతోనే పోయాడు పాపం. శవపేటికలో పడుకోబెట్టినప్పుడు కూడా ముక్కు పక్కకు తిరిగి, పక్కింటివాళ్ళ మాటలు వింటున్నట్టే ఉన్నాడు. సరే, ఇప్పుడు ఆయన సంగతి కాదు.

ఆ సాయంత్రం నేవుస్ జట్టు ముందు ఏం మాట్లాడిందో సదుర్నీ వచ్చి చెప్పాడు. సదుర్నీ ఎప్పుడూ అన్నిటికన్నా కింద, పునాది గుంపులో నిలబడే ముసలాడు, నన్ను రమేయ్ అని పేరుపెట్టి పిలిచేంత పాతవాడు. మెడ ఎద్దుది, మనసు మేకపిల్లది. చెబుతూ చెబుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"పక్క ఊళ్ళ నుంచి అరువు మనుషుల్ని తెచ్చి, మన చొక్కా తొడిగి కట్టే గోపురం మనకొద్దంది, రమేయ్. కడితే ఈ ఊరి భుజాలతోనే కడదాం, లేకపోతే ఎనిమిదితోనే ముసలివాళ్ళమైపోదాం అంది. నీ మనవరాలు బంగారం."

"బంగారమే. పళ్ళెం మాత్రం కడగదు," అన్నాను. లోపల మాత్రం పొంగిపోయాను.

ఇక రుజే గురించి చెప్పాలి. రొట్టెల అంగడిలో పనిచేసే పిల్ల, నేవుస్‌కు పసితనం నుంచీ జత. ఇద్దరూ ఏళ్ళ తరబడి గోపురంలో మూడో అంతస్తులో, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడ్డవాళ్ళు. అక్కడ నిలబడితే పైనున్నవాళ్ళందరి బరువూ మీదే. మా వాళ్ళు ఎక్కే ముందు నడుముకు పొడవాటి నల్ల నడికట్టు చుట్టుకుంటారు. ఒకరు కొస పట్టుకుని బిగలాగితే రెండోవారు గిరగిరా తిరుగుతూ చుట్టుకోవాలి. ఎవరి కొస ఎవరు పట్టాలన్నది మా దగ్గర పెళ్ళి సంబంధమంత ఖాయం. రుజే కొస నేవుస్ పట్టేది, నేవుస్ కొస రుజే పట్టేది.

పెద్దరికం వచ్చాక నేవుస్ ఎక్కడం మానేసింది. జట్టు పెద్ద నేల మీద నిలబడి పైకి చూస్తూ అరవాలి కదా. అలా కింద నుంచి చూడటం మొదలుపెట్టాకే దానికి రుజే కాళ్ళు కనబడ్డాయి.

"ఆగట్లేదమ్మమ్మా, పైన ఎనిమిదో అంతస్తు లేచేసరికి దాని మోకాళ్ళు ఊగిపోతున్నాయి," అంది ఒకరోజు భోజనం దగ్గర. టమాటా రుద్దిన రొట్టెను ముక్కలు చేస్తోందే గాని నోట్లో పెట్టడం లేదు.

"అయితే చెప్పు దానికి."

"ఏమని? తెల్లారకముందే అంగడికెళ్ళి, పనయ్యాక కొండెక్కి పరిగెడుతోంది, నా కోసం. నువ్వు చాలవే అని దాని మొహం మీద ఎలా అనను?"

"మొహం మీద అనలేకపోతే ఇంకెక్కడ అంటావే?"

రొట్టె ముక్కలు అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు రుజే భుజం కీలు వదులైందని విన్నాను. జట్టులో కండరాలు రుద్దే మనిషి చూసి నేవుస్‌తో చెప్పాడట, ఒక్క తప్పుడు బరువు పడితే ఊడి చేతికొస్తుందని. ఆ పిల్లకు నొప్పి కూడా లేదు పాపం, అయినా నేవుస్ చెప్పిందంటే దానికి వేదమే. పై అంతస్తులు మానేసి పునాది గుంపులోకి దిగింది. నేను రోజ్‌మేరీ ఆకును సారాయిలో ఊరబెట్టి ఒక సీసా పంపించాను, పొద్దున్నా సాయంత్రం రుద్దుకోమని. రుజే రుద్దుకుంది. దాని పక్కన నిలబడితే మా వంటింటి వాసన వచ్చేది.

ఆ వేసవిలోనే నేవుస్ నన్ను ఒక పెద్ద చొక్కా కుట్టమంది. జట్టువాళ్ళ ఇటుక రంగు చొక్కాలన్నీ కుట్టేది నేనే.

"ఇంతింత భుజాలు మన ఊళ్ళో ఎవడికున్నాయే? గాడిదకు తొడుగుతావా?"

"బ్లాయ్ అని కొత్తగా వచ్చాడమ్మమ్మా. కాయల గిడ్డంగిలో పని దొరికిందట. రుజే చోటులో నిలబెడుతున్నా."

కుట్టి ఇచ్చాను. ఆ బ్లాయ్ వచ్చి తొడుక్కుని చూసుకున్నాడు, మంచి మర్యాదస్తుడు. గిడ్డంగి మనిషివి కదా, ఈ ఏడు కాయ ఎలా ఉందయ్యా అని అడిగితే చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గరి అనుకున్నాను.

ఊరి పండుగ రోజు ఊరి నడుమ చౌకు నిండిపోయింది. నేను ఊరి కచేరీ భవనం గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాను, ముసలిదాన్నని ఎవరూ లేపరు. నేవుస్ బ్లాయ్ నడికట్టు కొస పట్టుకుని వెనక్కి వాలి లాగుతోంది. రుజే తన నడికట్టు చంకన పెట్టుకుని వచ్చింది, చూసింది, ఒక్క క్షణం నిలబడింది. ఆ తర్వాత కచేరీ తలుపు గడియకు కొస ముడేసి, నా ముందే గిరగిరా తిరుగుతూ చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"పెద్దరికం రాగానే మమ్మల్ని మరిచిపోయావే!" అని అరిచింది నవ్వుతూ. "ఏం పర్లేదులే, ఈ గడియ నీకన్నా గట్టిగా పట్టుకుంటోంది!"

అందరూ నవ్వారు. నేవుస్ నవ్వలేదు. తల తిప్పి చూడలేదు కూడా.

తర్వాత గోపురం లేచింది. పునాదిలో వందల మంది ఒకరికొకరు అతుక్కుపోయి, చేతులు పైకెత్తి, తలలు దించి తోస్తుంటే వాళ్ళ మీద ఇంకో గుంపు, ఆ పైన ఒక్కో అంతస్తు. పునాదిలో ఉన్నవాళ్ళకు ఏమీ కనబడదు. పైన ఎందాకా వచ్చిందో సన్నాయి పాట మారినప్పుడే తెలుస్తుంది. రుజే ఎక్కడో ఆ చీకట్లో తోస్తోంది. బ్లాయ్ మూడో అంతస్తులో చొక్కా కాలరు పళ్ళతో కరిచిపట్టి రాతి స్తంభంలా నిలబడ్డాడు. చిట్టచివర తొమ్మిదో అంతస్తుగా ఒక చిన్నపిల్ల ఉడుతలా పాకి పైకెళ్ళి, గోపురం పూర్తయిందని చెయ్యెత్తింది. అటు నుంచి ఇటు జారి దిగింది. ఒక్కో అంతస్తూ దిగింది. ఎవరూ పడలేదు.

ఊరు ఊరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మా ఆయన ముక్కు తలుచుకుని. గుంపు విడిపోగానే రుజే బయటికొచ్చింది, జుట్టంతా మొహానికి అంటుకుని, ఒక చెవి ఎర్రగా నలిగి.

"దిగిందా? పూర్తిగా దిగిందా? ఎవరూ పడలేదుగా?" అంటూ పరిగెత్తుకొచ్చి నేవుస్‌ను ఎత్తి కావలించుకోబోయి, సగంలో కుడిచెయ్యి వెనక్కి తీసుకుంది. ఎడమ చేత్తోనే కావలించుకుంది.

ఆ మధ్యాహ్నం చౌకులోనే బల్లలు వేశారు. కాల్చిన సాసేజీలు, తెల్ల చిక్కుళ్ళు, ద్రాక్ష సారాయి. రుజే చెల్లెలు తన పసిబిడ్డను తీసుకొచ్చి రుజే ఒడిలో పెట్టబోయింది.

"వద్దే, దీనికివ్వు," అని రుజే పక్కనున్న నేవుస్‌ను చూపించింది.

"మూడు నెలల బిడ్డే, ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు," అని చెల్లెలు నాతో ఫిర్యాదు చేసింది. "దీనికి నా బిడ్డంటే గిట్టదు రమేయ్ అమ్మమ్మా!"

"గిట్టకపోవడమేంటే? ఈ చెయ్యి ఎప్పుడు వదిలేస్తుందో నాకే తెలీదు. పిల్లను పారేస్తే?" అంది రుజే. నవ్వుతూనే అంది, కాని ఆ చేతిని ఒడిలో పెట్టుకుని చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు.

నేవుస్ ఒళ్ళో బిడ్డ. ఎదురుగా పళ్ళెం. నా మనవరాలి మొహంలో రంగు పోవడం నేను చూశాను. బిడ్డను నాకిచ్చేసి లేచి వెళ్ళిపోయింది. అలిసిపోయిందని అందరూ అనుకున్నారు.

మర్నాడు వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"గిడ్డంగీ లేదు, ఏమీ లేదమ్మమ్మా. బ్లాయ్ పక్క ఊరి పెద్ద జట్టువాడు. నేనే వెళ్ళి బతిమాలి అరువు తెచ్చుకున్నాను."

"కాయ సంగతి అడిగితే చెవులు ఎర్రబడినప్పుడే అనుకోవాల్సింది," అన్నాను. తర్వాత అసలు సంగతి తట్టింది. "మరి రుజే భుజం?"

"భుజానికి ఏమీ కాలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనే పుట్టించాను. కాళ్ళు వణుకుతున్నాయంటే బాధపడుతుందని, భుజమైతే దాని తప్పు కాదుగా అని... దయ చూపిస్తున్నాననుకున్నాను."

నేను పొయ్యి కట్టేశాను.

"పిల్ల చెయ్యెత్తడం చూడాలని చిన్నప్పటి నుంచీ కలలు కన్నాను కదా. చూడలేదమ్మమ్మా. ఆ క్షణంలో నేను బ్లాయ్ కాళ్ళనే చూస్తున్నాను, ఎక్కడ వణుకుతాయో అని. జనం అరిస్తే తెలిసింది." ఆ వెంటనే, "తిట్టు నన్ను," అంది.

"తిట్టను. తిడితే తిట్లు తిన్నానులే అని హాయిగా పడుకుంటావు. వెళ్ళి వాళ్ళకు చెప్పు."

శుక్రవారం జట్టు షెడ్డుకు నేనూ వెళ్ళాను. అక్కడొక పెద్ద గోడ. జట్టు కట్టిన గొప్ప గోపురాలన్నీ ఏ ఏట ఏది కట్టామో దాని మీద రంగుతో రాసి ఉంటాయి. రంగులు వేసే అతను అప్పటికే నిచ్చెన తెచ్చి, డబ్బా మూత తీసి కలుపుతున్నాడు. నేవుస్ అతన్ని ఆగమని, అందరి ముందూ నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. బ్లాయ్ సంగతి చెప్పింది, భుజం సంగతి చెప్పింది. "ఆ తొమ్మిది మనది కాదు. గోడ మీద రాయొద్దు," అంది.

షెడ్డు గోల గోలైపోయింది. ఒకామె లేచి, "అరువు వద్దన్నదానివి నువ్వే కదే! మేం చప్పట్లు కొట్టాం కదే!" అని అరిచింది. ఇంకొకడు "సిగ్గులేదూ?" అన్నాడు. సదుర్నీ మాత్రం కాలరు లాగి మెడ చూపిస్తూ ముందుకొచ్చాడు.

"ఈ వాత చూడు పిల్లా! ఇది అరువుదా? ఆ ఒక్కడు బయటివాడైతే మిగతా మేమంతా గాలికొచ్చామా? నీ తప్పు నువ్వు మోసుకో. నా గోపురాన్ని నాకు కాకుండా చెయ్యకు!"

చివరికి చేతులెత్తి తేల్చుకుందామన్నారు. అప్పుడు రుజే లేచి నేవుస్ దగ్గరకు వచ్చింది.

"నా కాళ్ళు వణుకుతున్నాయని నాకు తెలీదనుకున్నావా?" అంది. గట్టిగా కూడా కాదు. "నువ్వు ఒక్క మాట అంటే దిగిపోయేదాన్నే. ఏడ్చేదాన్ని, తర్వాత దిగిపోయేదాన్ని. కానీ నాలుగు నెలల నుంచి పిండి బస్తా ఎత్తాలంటే భయం. నిద్రలో ఈ పక్కకు తిరగాలంటే భయం. నా చెయ్యి నాది కానట్టు బతికాను నేవుస్."



"రాయాలన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు సదుర్నీ.

చాలా చేతులు లేచాయి. వాటిలో రుజే కుడిచెయ్యి కూడా ఉంది. నేవుస్ ఆ చేతినే చూసింది.

"నువ్వెందుకెత్తావే?" అంది, వినీ వినబడనట్టు.

"నేను కింద తోశాను కదా. మెడ విరిగేలా తోశాను. అది నాదే," అంది రుజే. "నీది అవునో కాదో నువ్వు చూసుకో."

అని వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంది, నేవుస్ పక్కన కాదు, నా పక్కన. దాని దగ్గర ఇంకా మా రోజ్‌మేరీ వాసన వస్తూనే ఉంది. ఏం అనాలో తోచక దాని మోకాలి మీద చెయ్యి వేశాను. తీసెయ్యమనలేదు.

రంగులాయన నిచ్చెన ఎక్కాడు. రెండు మెట్లెక్కేసరికి అది ఊగింది. "ఎవరైనా వచ్చి పట్టుకోండయ్యా, పడి చస్తాను!" అని కేకేశాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు మా నేవుస్ వెళ్ళి రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. తల ఎత్తితే కళ్ళలో రంగు పడుతుందని తల దించుకుంది. పైన అతను తొమ్మిది అంకె గీస్తున్నంతసేపూ అలాగే పట్టుకుని నిలబడింది.