కొనే కాటాతో తూచిన విల్లు

కొడుకు ఓబులేసు వాకిట్లో కూర్చుని గాజుపెంకుతో విల్లుకు తొడిగే అంబును గీకుతా ఉంటే, ఎవరో తన ఎముకనే గీకుతున్నట్టు ఉండేది రామాంజినమ్మకు. వెదురు పొట్టు సన్నగా మెలిదిరిగి వాడి తొడ మీద రాలేది. గీకినాక ఆ అంబును గోడకు కొట్టిన రెండు మేకుల మీద అడ్డంగా పెట్టేవాడు. నడుమ తూకంరాయి వేలాడదీసి, ఎంత వంగిందో స్కేలుతో చూసేవాడు. చాలదనుకుంటే మళ్లీ గీకేవాడు. ఇంకెంత సన్నం చేస్తావురా అని ఆమె అడిగితే, కంప్యూటర్ చెప్పినంత అనేవాడు.

విజయదశమి సాయంత్రం చెన్నకేశవస్వామి గుర్రమెక్కి ఊరిబయట జమ్మిచెట్టు దాకా వేటకు పోతాడు. పార్వేట అంటారు. ఆడ ఎండుగడ్డి కసువుతో కట్టిన అడవిపంది బొమ్మ మీద స్వామి తరఫున వేసే తొలి అంబు తిప్పయ్య ఇంటిది. తాతల నాటి మర్యాద. పోయిన యేడు రామాంజినమ్మ మొగుడు తిప్పయ్య వేసిన అంబు పందిని వదిలేసి పక్కన కంపలో పడింది. ఈ వానకారులో వాన కూడా అట్లే చేసింది. నల్లటి మోడం కళ్యాణదుర్గం మీదుగా వచ్చేది, వీళ్ల చేలను చూసేది, పక్కకు తిరిగిపోయేది. శెనక్కాయ ఊడలు దిగకుండానే మాడిపోయింది. బోరు ఉన్నోళ్లకు నాలుగు మూటలు, లేనోళ్లకు ఒట్టి కట్టె.

"తిప్పయ్య అంబు యాడికి పోయిందో వాన గూడా ఆడికే పోయిందిలే" అని టీ అంగడి కాడ అనుకునేవాళ్లు. మొదట నవ్వుతా అనేవాళ్లు. చేలు ఎండేకొద్దీ నవ్వు పోయింది, మాట మిగిలింది.

ఈ యేడు విల్లు ఓబులేసు చేతికి వచ్చింది. వాడు ఐటీఐ చదివి కళ్యాణదుర్గంలో వెల్డింగ్ షాపులో పనిచేస్తాడు. నాయన గురిలో తప్పు లేదు, అంబులోనే తప్పు అన్నాడు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని కనుక్కున్నాడంట. గట్టి విల్లుకు బిర్రుగా ఉండే అంబు కావాల, మెత్తటి విల్లుకు వంగే అంబు కావాల. విల్లు ఎంత బరువుతో లాగుతుందో, అంబు ఎంత పొడుగో, మొన ఎంత బరువో కొడితే, అంబు ఎంత వంగితే సరిపోతాదో కంప్యూటరే లెక్క కట్టి చెప్తాదంట. అందుకని శెనక్కాయల సావుకారి ఎర్రప్ప అంగడి నుంచి స్ప్రింగు కాటా తెచ్చి, దూలానికి కట్టి, కొక్కేనికి నారిని తగిలించి, విల్లును కిందికి లాగి, ముల్లు యాడ నిలిచిందో చూసినాడు. ఆ అంకె పట్టుకొని బస్సెక్కినాడు. తిరిగొచ్చి, నాయన అంబులు ఈ విల్లుకు మరీ లావు, అందుకే పక్కకు కొట్టినాయి అని చెప్పి, గాజుపెంకు పట్టుకున్నాడు.

అంబు మరీ మెత్తనైతే ఏమైతాదని రామాంజినమ్మ అడిగింది. ఓబులేసు గీకుతానే ఉన్నాడు. బీడీ ముట్టించుకుంటా ఉన్న తిప్పయ్య చెప్పినాడు.

"ఇరుగుతాది. వదిలేటప్పుడు, చేతిలోనే. చీలిక ఎడమచేతిలోకి దిగుతాది."

ఆ పొద్దు నుంచి ఆమెకు కళ్లముందు కొడుకు చెయ్యే కనపడేది. వెల్డింగ్ చేసే చెయ్యి, ఇంటికి కూడు తెచ్చే చెయ్యి. కాని ఆమె భయాన్ని ఆ ఇంట్లో లెక్కచేసేవాళ్లు ఎవరు? కొడుకు బస్సెక్కితే బస్సు గుంతలో పడినట్టు కలగనేది. పక్కింటి బిడ్డ దగ్గితే అది దగ్గు కాదు, జబ్బనేది. బోరు బండి వస్తే కూలుతాదనేది. ఏదీ కూలలేదు, ఎవరూ పడలేదు. నీ మాటలకు దేవుడు గూడా చెవుల్లో దూది పెట్టుకున్నాడే అని తిప్పయ్య ఎగతాళి చేసేవాడు.

పండగనాడు మధ్యాహ్నం, కాటా ఇచ్చేసి రమ్మని ఓబులేసు ఆమెను పంపినాడు. అంగట్లో హమాలీ ముత్యాలప్ప ఒక్కడే ఉన్నాడు. ఇది లేక కొనడం నిలిచిపోయిందక్కా అంటా, కాటాను తీసుకొని బయట రేకుల కొట్టం కింద కొక్కేనికి తగిలించినాడు. లోపల గోనెల పైన ఇంకొక కాటా వేలాడుతా ఉండాది. అది ఉండగా కొనడం ఎందుకు నిలిచిందప్పా అని అడిగింది.

ముత్యాలప్ప నవ్వినాడు. "అది అమ్మే కాటా అక్కా. దాంతో కొంటే సావుకారి మునుగుతాడు. ఇది కొనే కాటా."

ఆ సంగతి ఊళ్లో తెలియనోళ్లు లేరు. రామాంజినమ్మ కూడా ఆ కొక్కేనికి ఎన్నో మూటలు తగిలించి, ఎన్నోసార్లు లోలోపలే శాపనార్థాలు పెట్టింది. కాని తన ఇంటి దూలానికి వేలాడింది అదేనని ఇప్పుడే తెలిసింది.

"ఎంత తింటాది?"

వాడు వాకిలి వైపు చూసి గొంతు తగ్గించినాడు. "ఇరవైకి మూడు. నేను చెప్పినానని అనొద్దు."

విల్లు ఇరవై కిలోలు లాగితే కాటా పదిహేడే చూపింటాది. వాడు ఆ పదిహేడే కంప్యూటర్‌కు చెప్పినాడు. ఉన్నదాని కంటే మెత్తటి విల్లుకని గీకినాడు, గీకి గీకి పుల్లలు చేసినాడు. ఇంట్లో అంబులన్నీ ఇప్పుడు అట్లాంటివే.

ఇంటికి పోయేసరికి వాకిలి దగ్గరకేసి ఉండాది. ఊరి బయట తప్పెట్లు మోగుతా ఉన్నాయి. ఎండిన చేలకు అడ్డంబడి పరిగెత్తింది. శెనక్కాయ కట్టె అరికాళ్లలో గుచ్చుకుంటా ఉంటే చెప్పు యాడ జారిందో చూసుకోలేదు.

జమ్మిచెట్టు కాడ జనం రెండు పాయలుగా నిలిచినారు. ఓబులేసు నారి ఎక్కించి, అంబు తొడిగి, చెయ్యి ఇంకా ఎత్తలేదు. పూజారి పక్కకు పొమ్మంటా ఉన్నా వినకుండా ఆమె పోయి కొడుకు ముందర నిలిచింది. భయమైతాదిరా, వద్దు అని ఎప్పుడూ అనే మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నేను భయపడి చెప్పడంలేదురా. నువ్వు తెచ్చింది కొనే కాటా. ఇరవైకి మూడు తింటాది."

ఓబులేసు పెదవులు లెక్క కట్టుకున్నట్టు కదిలినాయి. నారి నుంచి అంబు తీసినాడు. స్వామి గుర్రం పక్కన ఎర్రప్ప చేతులు జోడించి కళ్లు మూసుకొని ఉన్నాడు.

గుడి పెద్ద నరసింహప్పకు ఆ ఆలస్యం నచ్చలేదు. "ఏమప్పా తిప్పయ్యా, పోయిన యేడు నువ్వు, ఈ యేడు నీ కొడుకు. చేతగాకుంటే చెప్పండి. మావాడు ఉండాడు."

ఆయన కొడుకు మల్లికార్జున చొక్కా చేతులు మడుచుకుంటా వచ్చినాడు. ఇది వేస్తే ఇరుగుతాదని ఓబులేసు అన్నాడు. ఆ యమ్మ కడుపున పుట్టినోడే, అనుమానం లేదని వెనకనుంచి ఎవరో అంటే జనం నవ్వినారు. తిప్పయ్య తల ఎత్తలేదు. "ఇచ్చెయ్‌రా" అన్నాడు.

ఆ అంబును మోకాలికేసి విరిచి పారెయ్యొచ్చు. రామాంజినమ్మ అదే చేస్తాడనుకునింది. ఓబులేసు చెయ్యలేదు. మేకుల మీద అంబు పెట్టి రాయి వేలాడదీసినప్పుడు వాని కళ్లు ఎట్లుండేవో ఇప్పుడూ అట్లే ఉన్నాయి. ఎంత వంగుతాదో చూద్దామని. విల్లునూ అంబునూ అట్లే అందించినాడు.

ఆమె మల్లికార్జున మోచెయ్యి పట్టుకునింది. "వద్దు నాయనా. చెయ్యి పోతాది."

"నీ కొడుకు చెయ్యి బాగుండాది గదా పెద్దమ్మా, ఇంగేం" అని ఆ పిల్లోడు నెమ్మదిగా విడిపించుకున్నాడు. వాడు ఓబులేసు కంటే పొడుగు. నారిని చెవి దాటించి లాగినాడు.

చప్పుడు పెద్దదేం కాదు. ఎండిన శెనక్కాయ చిట్లినట్టు వినబడింది. కసువు పంది చెక్కుచెదరకుండా నిలబడి ఉండాది. ఏమైందో మల్లికార్జునకే ముందు తెలియలేదు. ఎడమచేతిని ఎత్తి చూసుకున్నాడు. బొటనవేలి మొదట్లో దిగిన వెదురు చీలిక చేతి వెనక తేలి ఉండాది.

తప్పెట్లు ఒక్కొక్కటే ఆగినాయి. తువ్వాలు చుట్టి ఆటో ఎక్కించినారు. వాని తల్లి ఓబమ్మ ఆటోలో ఒక కాలు పెట్టి, మళ్లీ దిగి, జనాన్ని తోసుకుంటా వచ్చింది. ఏడవడంలేదు.

"నీకెట్ల తెలుసు?"

"కాటా, ఓబమ్మా. ఎర్రప్ప కొనే కాటాతో మావాడు విల్లును తూచినాడు, అందుకని..." రామాంజినమ్మ చెయ్యి చాపి చూపించింది. ఎర్రప్ప స్వామి వైపు తిరిగి ఇంకోసారి దండం పెట్టుకుంటా ఉన్నాడు. ఆ చెయ్యి చూపిన వైపు ఓబమ్మ చూడలేదు. రామాంజినమ్మ నోటినే చూస్తా ఉండాది.

"చెయ్యి పోతాదన్నావు. అన్నావు, పోయింది."

వెనక గుసగుసలు మొదలైనాయి. పోయిన యేడు మారెక్క ఆవును గురించి గూడా ఏమో అనె గదా. మా బోరు ఎండిపోకముందు గూడా ఈమె వచ్చి నిలబడిందే. జరగనివి ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరో ఒకామె చంకలో బిడ్డ మొగాన్ని కొంగుతో కప్పింది.

రామాంజినమ్మ కొడుకు వైపు చూసింది. లెక్క తెలిసినోడు వాడొక్కడే. వాడు మట్టిలో పడిన సగం అంబును తీసుకొని, చీలిన కాడ వేలితో మందం చూస్తా ఉన్నాడు.

ఓబమ్మ ఆటో వైపు తిరిగింది. నీ కొడుకు చెయ్యి బాగైతాదమ్మా అని ఒక్క మాట అనాలనిపించింది రామాంజినమ్మకు. మంచి మాటే. నోరు తెరిచింది.

ఆమె పెదవి కదిలేసరికి ముందువరసలో ఉన్నోళ్లంతా అడుగు వెనక్కి వేసినారు.