కొమ్ములోడి క్యాసెట్టు

సోమవారం పొద్దున లూదియాకు నంద్యాలలో ఆపరేషను. గర్భసంచి తీసేయాలన్నారు. పది రోజులు ఆసుపత్రి, నెలన్నర బరువులు ఎత్తకూడదు, అంతే అని డాక్టరమ్మ మామూలుగా చెప్పింది. ఆ మామూలు మాటలు లూదియా చెవికెక్కలేదు. తాను ఆ బల్ల మీదనుంచి లేవనని అప్పుడే ఖాయం చేసుకుంది. మొగుడు ఇమ్మానుయేలు బేతంచెర్ల నుంచి నాపరాళ్లు వేసుకొని లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి. తొమ్మిదేళ్ల సలోమిని అన్నాళ్లు ఎవరు చూసుకుంటారు? ఆళ్లగడ్డలో ఉండే పిల్ల మేనత్త జీవరత్నం. తాను పోతే? అప్పుడూ జీవరత్నమే. పిల్ల పెరిగి పెద్దయ్యేది ఆ ఇంట్లోనే.

అందుకే శనివారం బస్సులో పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని పోతున్న లూదియా, దిగబెట్టి రావడానికని పోవడం లేదు. ఆ ఇంటిని పరీక్ష చేయడానికి పోతోంది. నచ్చకపోతే పిల్లను వెనక్కి తెచ్చుకుంటుంది. తెచ్చుకొని ఏం చేస్తుందో మాత్రం ఆమెకే తెలియదు.

ఆ ఇంట్లో వీడియో ఉంది. జీవరత్నం మొగుడు సామ్యేలు కువైటులో డ్రైవరు. ఎనభై ఐదు క్రిస్మసుకు వచ్చినప్పుడు టీవీ, వీడియో, ఒక క్యాసెట్టు తెచ్చి పెట్టి పోయాడు. వీడియో అంటేనే లూదియాకు గుండె దడ. ఎక్కడో తలుపులు బిగించి పాడు సినిమాలు వేస్తుంటే పోలీసులు వచ్చి అందర్నీ లాక్కుపోయారని పక్కింటి కొండమ్మ చెప్పినప్పటినుంచీ మరీను.

"బొమ్మల సినిమా మే అది. జపానోళ్లు పిల్లోళ్లకని గీసిండారంట. నవ్వులాట" అన్నాడు ఇమ్మానుయేలు.

"బొమ్మలైతే మాత్రం గుడ్డలిప్పుకోవా?" అంది లూదియా.

ఇమ్మానుయేలు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. లూదియా నవ్వలేదు.

ఆళ్లగడ్డలో దిగి, మంచినీళ్లు తాగీ తాగకముందే ఆమె సంగతి బయట పెట్టింది.

"వదినా, ఆ క్యాసెట్టు నేను చూడల్ల. మొదట్నుంచి కడదాకా. ఒక ముక్క గూడ ఇడ్సేది లేదు."

"మూడు గంటలుంటాది మే. నువ్వు ఆపరేషనుకు పోయేదానివా, సినిమాకు వచ్చినదానివా?" అంది జీవరత్నం. లూదియా కంటే ఆరేళ్లు పెద్దది, మాట కత్తిలాగా ఉంటుంది గానీ చెయ్యి మెత్తన. "అన్నం ఎవురు వండల్ల?"

"చూసినంక నేనే వండుతా."

ఎండ తెర మీద పడకుండా కిటికీలు మూశారు. జీవరత్నం కొడుకు ఏడేళ్ల కృపావరం పూజారిలాంటి శ్రద్ధతో క్యాసెట్టు లోపలికి తోశాడు. సలోమి అమ్మకు దూరంగా, చాప చివర కూర్చుంది.

మాటలు మొదలయ్యాయి. జపాను వాళ్లు గీసినదాన్ని కువైటు టీవీలో అరబ్బీలో వేస్తే సామ్యేలు క్యాసెట్టులో పట్టి తెచ్చాడు. ఒక్క ముక్క అర్థం కాదు.

"ఏమంటాండారు రా?"

"నాకేం తెల్సు అత్తా. నేను కల్పిచ్చి చెప్తా, ఉండు" అన్నాడు కృపావరం.

తెర మీద ఒక పిల్లవాడు గబుక్కున బియ్యం కుండలోంచి తల ఎత్తాడు. గుండ్రటి మొహం, ముందు పన్ను లేదు. నెత్తిన రెండు కొమ్ములు.

లూదియా చాప మీద వెనక్కి జరిగింది. చిన్నప్పుడు ఆదివారం బడిలో గోడకు వేలాడదీసే పటాల్లో, అరణ్యంలో ప్రభువు వెనక నిలబడిన సాతానుకూ అవే కొమ్ములు. ఆ పటం తిప్పిన రోజు రాత్రి ఆమె పక్క తడిపింది.

"యేసయ్యా. ఎవుడు రా వాడు?"

"కొమ్ములోడు అత్తా. కొండలోనుంచి వచ్చి బడి అయివారింట్లో ఉంటాడు. మంచోడే."

"కొమ్ములుండేటోడు మంచోడెట్లయితాడు?"

"ఎనుముకు లేవా కొమ్ములు? దాని పాలు తాగల్యా నువ్వు?"

జీవరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లూదియా మాత్రం వేళ్లు మడుస్తూ లెక్క పెడుతోంది. వంటింట్లో దొంగతనం, రెండు సార్లు. అయివారికి అబద్ధం, ఒకసారి. పెద్దాయన కిందపడితే నవ్వడం, ఒకసారి. అన్నం ముందు ప్రార్థన, ఒక్కసారి కూడా లేదు. తాను లేని ఇంట్లో, ఈ చాప మీద, సలోమి వీటన్నింటినీ చూస్తూ పెద్దదవుతుంది.

అంతలో తెర మీద ఒక గది వచ్చింది. చెక్క తొట్టి, అందులో వేడినీళ్ల పొగ. స్నానాల గది. తలుపు మెల్లగా తెరుచుకుంటోంది. లోపల ఎవరిదో నీడ.

లూదియా ఒక్క ఉదుటున లేచి టీవీకి వీపు ఆనించి నిలబడింది. రెండు చేతులతో కొంగు చాపి తెర మొత్తం కప్పేసింది.

"అత్తా, జరుగు."

"జరగను. ఇదే. నేను అనుకుంటానే ఉండా."

ఆమె వీపు వెనక నీళ్ల చప్పుడయింది. ఎవరో అరబ్బీలో సణిగారు. ధబ్‌మని ఏదో పడింది. సరిగ్గా ఆ చప్పుడుకు చాప చివర సలోమి నవ్వింది. ఆపుకోలేక, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు ఎగిరేలాగా నవ్వింది. కృపావరం అడ్డం తప్పించుకొని చూడాలని మెడ చాపుతున్నాడు. సలోమి మెడ చాపలేదు. చూడాల్సిన పని లేనట్టు నవ్వింది. నవ్వి, వెంటనే అమ్మ మొహంలోకి చూసి, ఆగిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిపోయింది. లూదియా కొంగు దించి, కిటికీ ఒక రెక్క తీసింది. వెలుగు పిల్ల మీద పడింది.

"నువ్వు ముందే చూసినావు."

సలోమి చాప పుల్ల పీకుతోంది.

"క్రిస్మసుకు వచ్చినప్పుడు చూసింది" అంది జీవరత్నం. "నాలుగు మార్లు. అమ్మకు చెప్పొద్దత్తా అని నా గడ్డం పట్టుకొని బతిమాలుకుండె. నువ్వు దాన్ని ఏమీ అనాకు మే."

ఐదు నెలలు. ఐదు నెలలుగా పిల్ల ఈ కొమ్ములవాణ్ని లోపల పెట్టుకొని తన పక్కనే పండుకుంది. తనకు తెలియలేదు. లూదియాకు కొమ్ముల భయం ఎటు పోయిందో పోయింది. దాని చోట ఇంకా పెద్ద భయం వచ్చి కూర్చుంది.

"ఏంటికి చెప్పలే?"

"చెప్తే నువ్వు నిద్రపోవు మా."

"నేనా?"

"మోకాలు గీసుకున్నానంటే ధనుర్వాతం అని ఏడిస్తివి. దగ్గితే క్షయ అంటివి. అందుకే ఏదీ చెప్పను." సలోమి గొంతు సన్నగా ఉంది గానీ తడబడలేదు. "చెప్పకపోతే నువ్వు బాగుంటావు."

లూదియా గోడకు ఆనుకొని మెల్లగా కిందికి జారి కూర్చుంది. పొత్తికడుపులో నొప్పికి కాదు. రేపు తాను లేకపోతే ఈ పిల్ల ఇట్లాగే ఉంటుంది. జ్వరమొచ్చినా, ఎవరైనా ఏమైనా చేసినా, మేనత్త మొహం ఒకసారి చూసి, చెప్పొచ్చో చెప్పకూడదో లెక్క వేసుకొని, నోరు మూసుకుంటుంది. ఆ విద్య నేర్పింది తానే.

తల ఎత్తి అడిగింది, "నేను అడ్డం నిలబడితి గదా. ఆడ ఏం జరిగింది?"

సలోమి నమ్మలేనట్టు చూసింది. "అయివారి అవ్వ మా. ఆమెకు కండ్లు కనపడవు. కొమ్ములోడికి తలకు పోస్తాంటే కొమ్ములు చేతికి తగుల్తాయి. ఏడనో పడి బొప్పులు కట్టించుకున్నాడనుకుంటాది. మందు పూసి గుడ్డ కడ్తాది. వాడు జారి తొట్లో పడతాడు."

"గుడ్డలిప్పుకునేది లేదా?"

"గోచి ఉంటాది."

"బొప్పులు తగ్గలేదని అవ్వ భయపడదా?"

"రోజూ భయపడతాది. రోజూ కడ్తాది. వాడు కట్టించుకుంటాడు."

గిర్రున ఫ్యాను తిరిగింది. కృపావరం ఒక్క గెంతులో వీడియో దగ్గరికి పోయాడు.

"ఆపు రా" అంది లూదియా. "మేం మాట్లాడుకుంటాండాం." జీవరత్నం వైపు తిరిగి, "ఉండనీ వదినా, సలోమి ఈడనే ఉండనీ. ఆ కొమ్ములోడు నాకు నచ్చలే. ఆ దొంగతనాలు నచ్చలే. కానీ చూడనీ" అంది. తర్వాత పిల్లను దగ్గరికి లాక్కుంది. "లారీ ఇటు వచ్చినప్పుడల్లా మీ నాయనతో అన్నీ చెప్పి పంపల్ల. నేను భయపడతా. భయపడినా చెప్పు."

"అన్నీనా?"

"అన్నీ."

సలోమి చేతిలోని చాప పుల్ల పడేసింది. "మొన్న పక్కింటి పిల్లోళ్లతో కుందూ ఏటి కాడికి పోయినాము మా. నీళ్లల్లో దిగినాము."

లూదియా గొంతులో అరుపు సగం దాకా వచ్చింది. చాప అంచు గట్టిగా పట్టుకుంది. కుందూ నీళ్లు, సుడి, తేలిన గౌను, అన్నీ కళ్ల ముందు ఒక్కసారిగా తిరిగాయి. పిల్ల ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఎంతదాకా?"

"మోకాళ్లదాకా."

లూదియా ఊపిరి వదిలి, మళ్లీ పట్టుకొని, "నిజం చెప్పు" అంది.

"నడుముదాకా."

"ఊ" అంది లూదియా. చాప అంచు వదల్లేదు. "ఇంకా?"