ఉప్పు చూసే నోరు

పొయ్యి మీద కూర ఉడుకుతోంది. ఆమె గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుంది. రెండో చేత్తో పళ్ళని వరసకి తెచ్చే, కనబడీ కనబడని ప్లాస్టిక్ తొడుగులు ఊడదీసి, ఉప్పు చూసి, వాటిని కడిగి మళ్ళీ బిగించుకుంది. తర్వాత ఫ్రిజ్ తలుపుకి అంటించిన కార్డు మీద ఒక గీత గీసింది. ఉదయం ఎనిమిదైనా కాలేదు, అప్పుడే ఆరో గీత.

గీతలు పెట్టమన్నది పళ్ళ డాక్టరమ్మ. మొన్న చూసి పెదవి విరిచింది.

"పన్ను కదల్లేదమ్మా. నెలైంది, ఇంకా మొదటి సెట్టు తొడుగులే సరిగ్గా కూర్చోవట్లేదు. రోజుకి ఇరవై రెండు గంటలు పెట్టుకుంటున్నారా?"

"పెట్టుకుంటున్నానండీ. తినేటప్పుడే తీస్తున్నాను," అంది ఆమె, ఒట్టేసినంత నమ్మకంగా.

"అయితే తీసినప్పుడల్లా ఒక గీత పెట్టి తీసుకురండి. రెండు వారాలు చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే ఆపేద్దాం, ఊరికే మీకు నొప్పి."

ఆపేద్దాం అన్న మాట ఇంటిదాకా వెంటే వచ్చింది. పన్నెండో ఏట నుంచీ ఆ ఎత్తుపన్నుకి అరచెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది ఆమె. పెళ్ళి ఫోటోలో నోరు బిగించుకునే ఉంది. కూతుర్ని తొలిసారి ఎత్తుకున్న ఫోటోలోనూ అంతే. నలభై మూడేళ్ళకి తన జీతంతో, తన కోసమని చేసుకుంటున్న మొదటి పని ఇది. "ఈ వయసులో ఎవరికి చూపించడానికి?" అన్నాడు భర్త. "నోట్లో ప్లాస్టిక్ పెట్టుకుని తిరగడమేంటమ్మా, చోద్యం కాకపోతే!" అంది అత్తగారు. ఆమెది ఆస్పత్రి కౌంటర్లో రోగుల పేర్లు మైకులో పిలిచే ఉద్యోగం. మొదటి వారం 'స' పలకబోతే ఈల వచ్చింది, పక్క సీట్ల అమ్మాయిలు ముసిముసిగా నవ్వుకున్నారు. అన్నీ దిగమింగింది.

తీగల కట్టా, తొడుగులా అని నెల రోజులు తర్జనభర్జన పడింది. తీగలు అందరికీ కనబడతాయి, బుగ్గ లోపల గీరుకుంటాయి, తోముకోవడం నరకం. తొడుగులకి ఆ బాధల్లేవు. కొత్త సెట్టు పెట్టిన రెండు రోజులూ దవడ సలుపుతుంది, నీళ్ళు తప్ప ఏం తాగాలన్నా తియ్యాలి, తిన్నాక పళ్ళు తోముకునే మళ్ళీ పెట్టుకోవాలి. అయినా అన్నిటికన్నా పెద్ద సుఖం, కావాలన్నప్పుడు తీసెయ్యొచ్చు. ఆ సుఖమే కొంప ముంచుతుందని అప్పుడు తెలీదు పాపం.

ఆ సాయంత్రం కార్డు మీద పదిహేడు గీతలు తేలాయి. ఒక్కోటీ వేలు పెట్టి గుర్తుచేసుకుంది. అత్తగారి పాలు మరీ వేడిగా ఉన్నాయేమోనని ఒక గుక్క. భర్త టీలో పంచదార సరిపోయిందో లేదోనని ఇంకో గుక్క. కూతురు కంచంలో వదిలేసిన రెండు ముద్దలు, పారెయ్యడానికి మనసొప్పక. కౌంటర్లో టోకెన్ల మధ్య సగం బిస్కెట్. గిన్నె అడుగున మిగిలిన కూర, ఫ్రిజ్‌లో చోటు లేదని సింకు దగ్గర నిలబడి. మరి కూర్చుని తిన్న భోజనం గీత ఏది? మొదటి నుంచి మళ్ళీ వెతికింది. లేదు. డాక్టరమ్మకి అబద్ధం చెప్పలేదు, తింటున్నాననే అనుకుంది ఇన్నాళ్ళూ. ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది.

వాళ్ళింట్లో భోజనాల బల్లకి నాలుగు కుర్చీలు. నాలుగోది ఆమెదే అనుకోవాలి. దాని మీద మడతపెట్టాల్సిన బట్టలు గుట్టగా ఉంటాయి.

మర్నాడు సాయంత్రం గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి, ఆ బట్టల గుట్ట ఎత్తి సోఫాలో పడేసి, కూర్చుంది. తొడుగులు తీసి డబ్బాలో పెట్టింది.

"ఒంట్లో బాలేదా అమ్మాయ్?" అంది అత్తగారు.

"బానే ఉందత్తయ్యా. ఆకలేస్తోంది."

భర్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "కూరలో అసలు ఉప్పే లేదు. చూడలేదా?"

"చూడలేదండీ. ఇక చూడను. చూడాలంటే ఇవి తియ్యాలి."

"నీ పన్ను కోసం మేమంతా చప్పిడి తినాలా?"

కూతురు కంచంలోంచి తలెత్తింది. ముగ్గురూ ఆమె లేస్తుందని చూశారు. ఆమె కాళ్ళు కూడా అలవాటుగా లేవబోయాయి, కుర్చీ అంచు పట్టుకుని ఆపుకుంది. కూర చప్పగానే ఉంది, కానీ వేడిగా ఉంది. వేడి అన్నం తిని ఎన్నాళ్ళయిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు, అందుకే మెల్లగా నమిలింది.

చివరికి భర్తే విసురుగా లేచి వంటింట్లోకి వెళ్ళాడు. తలుపులు తెరిచి మూసిన చప్పుడు, డబ్బాలు జరిపిన చప్పుడు. చాలాసేపటికి గొంతు వినబడింది.

"ఉప్పు ఎక్కడుంటుంది?"

పదహారేళ్ళుగా అదే అర, అదే డబ్బా. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపులాంటి నవ్వు, ఆపుకోవాలన్నా ఆగలేదు. నవ్వి నవ్వి చూసుకుంటే రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి.