గుమ్మం మర్చిపోయిన గది

రండర్రా, దగ్గరికి జరగండి. వెనకాల కూర్చున్నవాళ్లూ, ఆ ఊసులు ఆపి చెవులు ఇటు పడేయండి.

ఒక కాలేజీ పిల్ల ఉండేది. చదివేది బిల్డింగులు కట్టే చదువు. ట్రైనింగుకని ఒక సైటుకొచ్చింది. గోడ నిటారుగా ఉందో లేదో చూసే తూకం గుండంటే ఆ పిల్లకి ప్రాణం. ఇంట్లో తాతయ్య కాస్త వంగి నిలబడ్డా పక్కన గుండు వేలాడదీసి, "తాతయ్యా, సర్దుకో!" అనేది. అందరూ తూకం పిల్లనేవారు.

ట్రైనింగు ఆఖరి రోజున మేనేజరమ్మ వచ్చి పని చూస్తుంది. నచ్చితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. మన పిల్లకి చిన్న స్టోరు గది కట్టే పని పడింది. లోపల పరంజా వేసుకుని, ఈగ వాలితే కాలుజారేంత నున్నగా, మబ్బులు పక్కకి తప్పుకునేంత నిటారుగా గోడలు లేపింది. పరంజా విప్పి, తోటి ట్రైనీకి గోడమీంచి అందించేసి, అప్పుడు చుట్టూ చూసుకుంది. గుమ్మం లేదు!

గోడవతలికి కేకేసింది: "ఒరేయ్, గుమ్మం మర్చిపోయానురా!"

"నాలుగు గోడలూ తూకంలో ఉన్నాయిగా, ఇంకేం కావాలే నీకు!" అని బయట వాడు పడీపడీ నవ్వాడు.

అంతలో మేనేజరమ్మ దిగింది. నిచ్చెన వేయించుకుని గోడెక్కి, లోపలి పని చూద్దామని అక్కడ మిగిలిన ఇసుకకుప్ప మీదకి దూకింది. ఈలోగా రంగులవాళ్లు వచ్చి నిచ్చెన కాస్తా ఎత్తుకుపోయారు.

"నాకింకా బోలెడు సైట్లున్నాయి! ఒక్క తన్ను తంతే గోడ పోదూ?" అని మేనేజరమ్మ కాలెత్తింది.

ఉద్యోగం పోతే పోయిందని తూకం పిల్ల అడ్డం పడింది. "ఆగండి మేడం! పైన బరువు మోసే లింటెల్ దిమ్మె వేయకుండా కింద కన్నం పెడితే ఇటుకలన్నీ మన నెత్తినే పడతాయి."

"గుమ్మం మర్చిపోయినదానివి, నాకు గుమ్మం పాఠం చెబుతున్నావా?"

"మర్చిపోయాను గానీ మేడం, తెలీక కాదు."

మేనేజరమ్మ ఫక్కున నవ్వి ఇసుకలో చతికిలబడింది. "మిగతావాళ్లని తలో ప్రశ్న అడిగి పంపేశాను. నీతో తీరిగ్గా మాట్లాడొచ్చు. కూర్చో."

పునాదినుంచి పిట్టగోడ దాకా అడగని ప్రశ్న లేదు. నిచ్చెన తిరిగొచ్చేసరికి మేనేజరమ్మకి గొంతెండిపోయింది, పిల్లకి ఉద్యోగం ఖాయమైంది.

"రేపే చేరు. మొదటి పని, దీనికి గుమ్మం పెట్టడం!"

అప్పటికి సైటు సైటంతా అక్కడే మూగింది. వాచ్‌మన్ మాత్రం మొహం చిట్లించి అన్నాడు:

"ఇంత రభస దేనికండీ? పిల్ల లోపలే ఉందిగా, గడియ తీసుకుని వచ్చేస్తే పోయేది!"